తుడిచిన వైపు

ఎడమ అద్దం అయిపోయింది. మిషనమ్మ గుడ్డ మడత మార్చి, పొడిగా ఉన్న వైపు పైకి తెచ్చుకుని, అద్దాన్ని మోస్తున్న ఇనప కడ్డీని పైనుంచి కిందికి ఒక్క లాగు లాగింది. ఎప్పుడైనా ఎడమ నుంచే మొదలు. ఎడమ అద్దం, ఎడమ తలుపు, చక్రాల మీది రేకు, తర్వాత వెనక చెత్త తొట్టి, అక్కణ్ణించి చుట్టు తిరిగి కుడివైపు. కుడి తలుపు దగ్గరికి వచ్చేసరికి షెడ్డు కప్పులో పగిలిన రేకు సందులోంచి ఎండ దిగి కేబిన్ అద్దం మీద పడుతుంది. అప్పుడు చంటిది లేస్తుంది.

చంటిది ఆవిడ మనవరాలు. డ్రైవరు కూర్చోవాల్సిన సీటులో, రెండు పక్కలా రెండు దిండ్ల మధ్య, పిడికిళ్ళు బిగించి నిద్రపోతుంది. కూతురు కుట్టుపనికి పోతూ రోజూ పొద్దున్నే దించి వెళ్తుంది. వెళ్తూ వెళ్తూ రోజూ అవే ప్రశ్నలు.

"అమ్మా, బండి తాళం చెవి తీసేశారా?"

"తీశారే."

"అద్దం దించావా? గాలాడుతోందా?"

"ఆడుతోందే తల్లీ."

"పాలసీసా మూత గట్టిగా పెట్టావా? దోమలున్నాయేమో చూశావా?"

"నిన్ను పెంచింది నేనే. ఇంకా బతికే ఉన్నావుగా, పో."

కూతురు నవ్వేది కాదు. గేటు దాకా పోయి, వెనక్కి తిరిగి ఒకసారి చూసి, అప్పుడు పరుగందుకునేది.

ఆ బండి రోడ్లు ఊడ్చే యంత్రం. పసుపుపచ్చ రంగు, మూడువైపులా అద్దాలున్న కేబిన్, పొట్ట కింద రెండు గుండ్రటి బ్రష్షులు, పక్కన ఏనుగు తొండమంత లావు గొట్టం. మున్సిపాలిటీ వాళ్ళు దాన్ని కొన్న రోజున రిబ్బను కట్టారు, కత్తిరించారు, చప్పట్లు కొట్టారు. ఆఫీసు ముందున్న పెద్ద రోడ్డు మీద బాగానే పోయింది. బజారు వీధిలోకి తిరిగేసరికి బ్రష్షుకి కూరల కొట్టు పట్టా తాడు చుట్టుకుని, కొట్టుకి కొట్టంతా దాని వెంట నడిచింది. వంకాయలు ఏరుకోవడానికి ఊరంతా వచ్చింది. రెండోసారి ఇంకో వీధిలో మురుగుకాలవ మూత పీకి పారేసింది. కొనేముందు వీధుల వెడల్పు కొలవాలని ఎవరికీ తోచలేదు. కొన్నాక కొలిచారు. పెద్ద రోడ్డు తప్ప ఎక్కడా పట్టదని తేలాక తెచ్చి షెడ్డులో పెట్టారు. అమ్మేద్దామంటే, మరి కొన్నదెందుకని అడుగుతారు. ఉంచుకుంటే ఎవరూ అడగరు. అందుకని ఉంచుకున్నారు.

మిషనమ్మ అప్పట్లో బజారు వీధి ఊడ్చేది. ఆ పని మొగుడిది. ఆయన దగ్గుతూ దగ్గుతూ పోయాక ఆ చీపురు ఆవిడ చేతికొచ్చింది. చీపురుతోపాటు ఆ దగ్గు కూడా వచ్చింది. ఆసుపత్రి డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, "మందు నేనిస్తానమ్మా. దుమ్ము మాత్రం నువ్వే మానుకోవాలి," అన్నాడు. ఆవిడకి నవ్వొచ్చింది. దుమ్ము మానుకుంటే తినేదేమిటి?

అలాంటి రోజుల్లో ఎవరో పై అధికారి చూడ్డానికి వస్తున్నాడని ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు ఆవిణ్ణి పిలిచి, "ఓ రెండు రోజులు ఆ బండిని శుభ్రంగా తుడు," అన్నాడు. తుడిచింది. అధికారి రాలేదు. ఇన్‌స్పెక్టరు ఆ మాటే మర్చిపోయాడు. మళ్ళీ వీధిలోకి పొమ్మని ఎవరూ చెప్పలేదు, పొమ్మంటారా అని ఆవిడా అడగలేదు. రోజూ షెడ్డుకొచ్చి తుడుస్తూ ఉండిపోయింది. మొదట్లో వెటకారానికి 'మిషనమ్మ' అన్నారు. తర్వాత అదే పేరైపోయింది. హాజరు పిలిచే గుమాస్తా కూడా అలాగే పిలిచేవాడు.

నీడపట్టున పని. దగ్గు తగ్గింది. రాత్రిళ్ళు లేచి గోడకి చేరగిలబడి కూర్చునే బాధ తప్పింది. ఈ బండి దండగని ఊరంతా తిట్టుకుంటుంటే ఆవిడ కూడా తలూపేది. లోపల మాత్రం, ఆ దండగే లేకపోతే తను ఈపాటికి ఆయన దగ్గరికే పోయి ఉండేదాన్నని తెలుసు.

ఊరికే కూర్చుని జీతం తీసుకోవడం ఆవిడకి చేతకాదు. అందుకే ఉన్న ఒక్క పనినీ ప్రాణం పెట్టి చేసేది. బండి కింద వెల్లకిలా పడుకుని పీచు పీచుకీ నీళ్ళు పట్టేది. ఆ గుడ్డ కూడా అలాంటిలాంటిది కాదు, కూతురి బడి దుస్తుల్లోది, నీలం గళ్ళది. ఇంట్లో గడవక కూతురి చదువు మధ్యలో ఆగిపోయినప్పుడు ఆ బట్టలు పెట్టె అడుగున పడ్డాయి. ఉతికి ఉతికి మెత్తబడ్డ గుడ్డ, అద్దం మీద గీత పడనివ్వదు.

"ఏం పిన్నీ, పెళ్ళికూతురు ముస్తాబైందా?"

డ్రైవరు టీ గ్లాసులు రెండు పట్టుకుని వచ్చాడు. బండికని వేసిన మనిషే. వారానికోసారి ఇంజను తిప్పి ఆపుతాడు, లేకపోతే బ్యాటరీ చచ్చిపోతుందట. మిగతా రోజుల్లో ఇన్‌స్పెక్టరు పిల్లల్ని బడికి దించడం, ఆయన ఇంటికి కూరలు తేవడం.

"సగం అయింది. పెళ్ళికొడుకే ఆలస్యం," అంది మిషనమ్మ.

"నాతో దానికి పెళ్ళేంటి! దాన్ని బయటికి తీసుకెళ్తే నా పరువు పోతుంది, నన్ను తీసుకెళ్తే దాని పరువు పోతుంది."

టీ సగం తాగారో లేదో, కాలు కాలిన పిల్లిలా ఇన్‌స్పెక్టరు వచ్చి పడ్డాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. పన్నులు కట్టేవాళ్ళ సంఘం వాళ్ళు వస్తున్నారట. వాళ్ళని వెంటేసుకుని ఎదుటి పక్షం కౌన్సిలరు వస్తున్నాడట. పత్రికవాడు కూడా ఉన్నాడట. ఇంకో గంటలో ఇక్కడుంటారు. ఈ బండి ఏం చేస్తోందో కళ్ళారా చూస్తారట.

చెప్పడం ఆపి బండి వంక చూశాడు. చూసి, నుదురు కొట్టుకున్నాడు.

"ఇదేంటమ్మా ఇది!"

"ఏమైందయ్యా? తుడిచాను కదా."

"అదే! ఇంత తళతళలాడితే ఎలా? నిన్న కొట్లోంచి దింపినట్టుంది. ఇది రోజూ రోడ్డెక్కుతోందని నేను రాసిచ్చాను!"

"పోనీ ఒక్కసారి పెద్ద రోడ్డు మీద తిప్పుకొస్తానయ్యా," అన్నాడు డ్రైవరు.

"నోర్ముయ్. ఈసారి ఎవడి కొంప లాక్కొస్తావో." ఇన్‌స్పెక్టరు అటూ ఇటూ రెండడుగులు వేశాడు. షెడ్డు బయట పొద్దుటి చెత్త కుప్ప కనిపించింది. అక్కడే ఆగాడు. "దుమ్ము పోయండి."

ఇద్దరూ అతని మొహం చూశారు.

"అలా చూస్తారేం? రోడ్డు మీద తిరిగిన బండికి దుమ్ముండదా? రెండు తట్టలు తెచ్చి పైన చల్లండి. త్వరగా!"

మిషనమ్మ కేబిన్ తలుపుకి అడ్డంగా నిలబడింది. "చంటిది లోపల పడుకుందయ్యా," అంది.

"తియ్, ముందు దాన్ని తియ్! పిల్లని ఇక్కడ పడుకోబెట్టుకుంటున్నావని తెలిస్తే నా ఉద్యోగం కూడా ఊడుతుంది."

చంటిదాన్ని దుప్పట్లో చుట్టి, బయట చూరు నీడలో ఉన్న తోపుడుబండిలో పడుకోబెట్టింది. డ్రైవరుని కాపలా పెట్టింది. తట్ట నింపుకొచ్చింది. దుమ్ము లేవకుండా ఊడ్చడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. నీళ్ళు చిలకరించి, చీపురు వంచి, గాలి వాలు చూసి. దుమ్ము కావాలని లేపడం మాత్రం ఇదే మొదలు. మొదటి చారెడు ఎడమ అద్దం మీద పడింది. కళ్ళు మూసుకుని రెండోది విసిరింది.

"ఇంకొంచెం. అద్దాల మీద. ఆ చక్రాలకి కూడా." ఇన్‌స్పెక్టరు ముక్కుకి చేతిరుమాలు పెట్టుకుని గుమ్మం అవతల నుంచి చెబుతున్నాడు.

కిటికీలు లేని షెడ్డులో ఆ పొడి ఎక్కడికీ పోలేదు, అక్కడే గిరగిరా తిరిగింది. రెండో తట్ట అయ్యేసరికి ఆవిడ తొట్టిని పట్టుకుని వంగిపోయింది. ఎన్నాళ్ళుగానో మర్చిపోయిన దగ్గు, అడ్రసు అడక్కుండానే ఇల్లు కనుక్కుని వచ్చిన చుట్టంలా వచ్చేసింది.

వాళ్ళు వచ్చారు. ముందు కౌన్సిలరు, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా. వెనక ఫోను ఎత్తి పట్టుకున్న పత్రికవాడు. అందరికన్నా వెనక గొడుగు ఊతగా పట్టుకుని ఒక పెద్దాయన. ఆయనే సంఘానికి అధ్యక్షుడు. తమ వీధిలో చెత్త ఎత్తే దిక్కులేదని ఏళ్ళ తరబడి ఆఫీసు చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకున్న మనిషి.

కౌన్సిలరు గుమ్మంలో అడుగు పెడుతూనే రెండు చేతులూ చాచాడు. "చూడండి, చూడండి! ప్రజల సొమ్ము ఎలా దుమ్ము కొట్టుకుపోతోందో! ఫోటో తీయవయ్యా, ఇటువైపు నుంచి తీయ్."

పత్రికవాడు కుడివైపు నిలబడి తీశాడు.

"రోజూ తిరుగుతుందండీ," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇది రోడ్డు దుమ్మండీ."

పెద్దాయన ముందుకొచ్చాడు. గొడుగు గోడకి ఆనించి, మోకాలి మీద చెయ్యి వేసుకుని మెల్లగా వంగి బండి కిందికి చూశాడు. పొట్ట కింద రెండు బ్రష్షులూ తలంటి పోసుకున్న పసిపిల్లల్లా ఉన్నాయి. వాటి మీద దుమ్ము పోయాలని ఎవరికీ గుర్తురాలేదు.

"నాయనా," అన్నాడు లేస్తూ, "ఊడ్చే బండికి వీపు మీద దుమ్ముంది, బ్రష్షుకి లేదు. ఇది వీపుతో ఊడుస్తుందా?"

పత్రికవాడు కిసుక్కున నవ్వాడు. గుమ్మం పక్కన డ్రైవరు బూట్ల వంక చూసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు.

పెద్దాయన చూపు తొట్టి పక్కన నిలబడ్డ మిషనమ్మ మీద ఆగింది. "నువ్వేం పని చేస్తావమ్మా ఇక్కడ?"

"తుడుస్తానయ్యా."

"దేన్ని?"

"దీన్నే."

ఆయన కుడి తలుపు మీద వేలు పెట్టి రాసి, ఆ వేలు తన కళ్ళ ముందుకి తెచ్చుకున్నాడు. ఆవిడకి చూపించలేదు గానీ ఆవిడకి కనపడింది. "ఇదేనా తుడవడం?"

ఇన్‌స్పెక్టరు ఆవిణ్ణే చూస్తున్నాడు. దగ్గు వస్తుంటే ఆపుకుంది. చెప్పాలంటే ఒక్క మాట. ఆ మాట చెబితే ఇన్‌స్పెక్టరు ఎలాగో తప్పించుకుంటాడు, వాళ్ళకి దారులుంటాయి. డ్రైవరు పోతాడు. వాడికి ఇంట్లో ఇద్దరు పిల్లలు. తను కూడా పోతుంది. చంటిదానికి నీడ ఉండదు.

"ఇవాళ తుడవలేదయ్యా," అంది.

"ఒక బండి!" కౌన్సిలరు వేళ్ళు మడవడం మొదలెట్టాడు. "దానికో డ్రైవరు! దాన్ని తుడవడానికో మనిషి! ఆ మనిషి తుడవదు! రాసుకోవయ్యా."

"ఈవిణ్ణి అనకండి," అన్నాడు పెద్దాయన. "తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టినవాళ్ళని అనాలి. మా వీధికి ఒక్క మనిషినివ్వండి మహాప్రభో అంటే, మనుషుల్లేరు, మనుషుల్లేరు అంటారు. మా ఇంటి ముందు కుప్పలో మొన్న పందికొక్కు పిల్లల్ని పెట్టింది."

మిషనమ్మ తల దించుకుంది. ఆయన అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు. ఆ వీధికి లేకుండా పోయిన మనిషి తనే.

ఇన్‌స్పెక్టరుకి అప్పుడు ఊపిరి ఆడింది. దారి దొరికింది. "చూడండి, ఇప్పుడే మీ ఎదురుగానే చెబుతున్నా. రేపట్నించి ఈవిణ్ణి మీ వీధికే వేస్తున్నాను. బండి సంగతి పైకి రాస్తాను, వేలం వేయించేస్తాను. సరేనా?"

పెద్దాయన మొహం విప్పారింది. ఇన్నేళ్ళలో ఒక పని అయింది. వెళ్తూ వెళ్తూ ఆవిడ దగ్గర ఆగాడు. "రామ్మా. మాది మూల మీద ఆకుపచ్చ గేటిల్లు. ఎండలో చేస్తావు, నడుమన ఒకసారి వచ్చి మంచినీళ్ళు తాగుదువుగాని."

"అలాగేనయ్యా," అంది. మంచి మనిషి అనుకుంది.

అందరూ పోయాక షెడ్డులో పొడి మెల్లగా కిందికి దిగుతూనే ఉంది. డ్రైవరు చంటిదాన్ని ఎత్తుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఎందుకు చెప్పలేదు పిన్నీ?"

"చెబితే?"

వాడు చంటిదాన్ని ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "ఎలాగూ వేలమేస్తారుగా. ఇంక దీంతో మనకేం పని? ఇంటికి పోయి పడుకో. నీ మొహం చూస్తే భయమేస్తోంది."

"ఈ నీడ పని పోతే పోయింది గానీ," మిషనమ్మ బకెట్టులో గుడ్డ ముంచి పిండింది. "తుడవలేదన్నానే, ఆ మాట నోట్లోంచి పోవట్లేదురా. ఆయన వేలు చూశావా?"

ఎడమ అద్దంతో మొదలుపెట్టింది. పొద్దున ఒక్క తుడుపుతో అయిన పని ఇప్పుడు మూడు సార్లు గుడ్డ పిండితే గానీ అవలేదు. రెండుసార్లు గుడ్డ ఆడించి కూర్చునేది, దగ్గేది, మళ్ళీ లేచేది. డ్రైవరు రెండు బకెట్లు నీళ్ళు తెచ్చిపెట్టి, ఇన్‌స్పెక్టరు పిల్లల బడి వేళయిందని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం డబ్బా మూత తీసి చూసి మళ్ళీ పెట్టేసింది. చంటిది బయట తోపుడుబండిలో కాళ్ళు ఆడిస్తూ తనలో తను ఏదో మాట్లాడుకుంటోంది.

పొద్దు వాలుతుంటే కూతురు వచ్చింది. చంటిదాన్ని చూసి పరుగున పోయి ఎత్తుకుంది.

"బయట పెట్టావేంటమ్మా దీన్ని! ముక్కు చూడు, ఎంత నల్లగా ఉందో! ఏమైంది? ఎవరేమన్నారు?"

మిషనమ్మ చెప్పింది. దుమ్ము సంగతి పూర్తిగా చెప్పలేదు, రేపట్నించి వీధి పని అని మాత్రం చెప్పింది.

"మరి నీ దగ్గు?"

"దగ్గు నాతోనే వస్తుంది, దానికి వేరే దిక్కెక్కడుంది?"

"నవ్వకమ్మా. డాక్టరు ఏమన్నాడో మర్చిపోయావా? మానెయ్. నేనింకో నాలుగు బట్టలు ఎక్కువ కుడతాను."

"కుట్టి? చంటిదాన్ని ఎక్కడ పెట్టి కుడతావు? మీ అత్త చూస్తుందా?"

"మా అత్తా! ఆవిడకి టీవీలో వాళ్ళ కష్టాలు చూడ్డానికే తీరిక లేదు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. మిషనమ్మ నవ్వు మధ్యలో దగ్గు అయింది. కూతురు వీపు మీద రాసింది. చాలాసేపు రాసింది.

"ఇంటికి పోదాం పద."

"నువ్వు పో. బస్సు తప్పిపోతే మీ ఆయన ఆకలితో అరుస్తాడు. ఎడమవైపు అయిపోయింది, వెనక అయిపోయింది. ఈ కుడిపక్క కాస్తా తుడిచి నేనూ పోతా."

"ఎవరు చూడొచ్చారమ్మా దీన్ని!"

"ఎవరూ చూడరులే. పో."

కూతురు చంటిదాన్ని భుజాన వేసుకుంది. గేటు దాకా పోయి ఎప్పటిలాగే వెనక్కి తిరిగింది. "అమ్మా! ముక్కుకి గుడ్డ కట్టుకో!"

"కట్టుకుంటే తుడవడానికేదే?" అని మిషనమ్మ నీలం గళ్ళ గుడ్డ పైకెత్తి ఊపింది.

మర్నాడు డ్రైవరు ఇంజను తిప్పే రోజు. పెందలాడే వచ్చాడు. షెడ్డు తలుపు తీసేసరికి మిషనమ్మ కుడివైపు మెట్టు మీద కూర్చుని, తల తలుపుకి ఆనించి ఉంది. లోపల చంటిది లేచిందేమోనని చెవి ఒగ్గి వింటున్నట్టుంది.

"ఏం పిన్నీ, ముస్తాబు సగంలో ఆపేశావేం?" అన్నాడు.

అని, ఒక్క క్షణం జవాబు కోసం ఆగాడు. తర్వాత బండి తాళం చెవి జేబులో వేసుకుని, దగ్గరికి పోయి మెల్లగా భుజం పట్టుకున్నాడు. చల్లగా ఉంది.

ఆ పూట పత్రికలో ఫోటో వచ్చింది. దుమ్ములో మునిగిన బండి, కుడివైపు నుంచి తీసింది. ఫోటో మూలలో ఎవరిదో చెయ్యి, సగం గుడ్డ. ఆకుపచ్చ గేటు ఇంటి పెద్దాయన పత్రిక మడిచి పక్కన పెట్టి, చెంబుతో మంచినీళ్ళు అరుగు మీద పెట్టుకుని ఎండ ముదిరేదాకా వీధి మొదలుకేసి చూస్తూ కూర్చున్నాడు. చివరికి విసుక్కున్నాడు. ఈ మున్సిపాలిటీ వాళ్ళ మాటలన్నీ ఇంతే అనుకుని ఇంకో అర్జీ రాయడానికి లోపలికి వెళ్ళాడు. ఆయనకి ఎవరూ చెప్పలేదు.

కూతురు వారం తర్వాత పాలసీసా, దిండ్ల కోసం షెడ్డుకి వచ్చింది. చంటిది చంకలో ఉంది. కేబిన్‌లోంచి దిండ్లు తీసుకుని, సీటు కింద చెయ్యి పెట్టి వెతికి సీసా మూత కూడా తీసుకుంది. గుమ్మం దాకా పోయి అలవాటుగా వెనక్కి తిరిగింది. అక్కణ్ణించి చూస్తే ఎడమవైపు, దీపం పెట్టినట్టు మెరుస్తోంది. మళ్ళీ నడిచి అటుపక్కకి పోయింది. అటుపక్క తలుపు మీద సగం దాకా తుడిచిన మేర, ఆ కింద అంతా బూడిద రంగు. తలుపు మీద పెద్దాయన వేలి గీత ఒకటి అలాగే ఉంది. దాని పక్కదాకా వచ్చి ఆగింది తుడుపు.

చంటిది ముందుకి వాలి అద్దం కడ్డీ మీద ఆరేసి ఉన్న గుడ్డని అందుకోబోయింది. కూతురు కూడా చెయ్యి చాపింది. మళ్ళీ ఏమనుకుందో, చంటిదాని చెయ్యి మెల్లగా వెనక్కి తీసి పట్టుకుంది.

వేలంలో ఇనప సామాన్ల వాడు కొనుక్కున్నాడు. లారీకి గొలుసు కట్టి బండిని షెడ్డులోంచి బయటికి లాగుతుంటే, ఒక పక్క నిలబడ్డవాళ్ళు ఇంత కొత్త బండిని అమ్మేస్తారేంటని నోళ్ళు నొక్కుకున్నారు, రెండో పక్కవాళ్ళు ఇప్పటికైనా వదిలిందన్నారు. పెద్ద రోడ్డు మీద గాలికి పైనున్న దుమ్ము కొద్ది కొద్దిగా లేచిపోతోంది. కుడి అద్దం కడ్డీకి నీలం గళ్ళ గుడ్డ అలాగే వేలాడుతోంది, మడత మార్చి, పొడిగా ఉన్న వైపు పైకి పెట్టి.